కోడ్ చదివే చేతులు

భద్రాచలం దాటి చింతూరు వైపు అడవి దారి పట్టిన కారులో ఇంజిన్ లైటు వెలిగితే దిక్కు రోడ్డు పక్క మెకానిక్కే. స్టీరింగ్ కింది సాకెట్‌లో స్కానర్ గుచ్చితే పీ0302 అని వస్తుంది: రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్. పార్టులు అమ్ముకునేవాడు అక్కడే బిల్లు రాస్తాడు. పని తెలిసినవాడు రెండో కాయిల్‌ను మూడోదాని చోట, మూడోదాన్ని రెండోదాని చోట పెట్టి, కోడ్ చెరిపి బండి స్టార్ట్ చేస్తాడు. ఈసారి పీ0303 వచ్చిందా, దొంగ దొరికినట్టే: కాయిలే పోయింది. మళ్లీ పాత కోడే వస్తే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ వరసగా చూడాలి. పైసా ఖర్చు లేని ఈ పరీక్షంటే నాకు భలే ఇష్టం.

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అలాంటి నీళ్లలో నానిన బండికి కోడ్లు గుత్తులుగా వస్తాయి. సెన్సర్లన్నీ ఒక్కసారే చావవు గదా! అందుకే మంచి మెకానిక్ ముందు బ్యాటరీ వోల్టేజి, ఎర్తు వైరు, కనెక్టర్లలో పచ్చగా పట్టిన చిలుము చూస్తాడు. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని చెప్పే పీ0171 వస్తే, ఆక్సిజన్ సెన్సర్ జోలికి పోకముందే ఇన్‌టేక్ గొట్టం దగ్గర చెవి పెడతాడు. బుస్సుమంటే పగులు అక్కడే. గొట్టం మార్చి, ఓ రౌండు తిప్పి చూశాకే డబ్బులడుగుతాడు.