వ్యక్తి బాధ్యత, పత్తి నేల: బి.వి. పట్టాభిరాం భావధారపై ఒక పరిశీలన

తెలుగులో వ్యక్తిత్వ వికాస రచనను విమర్శకులు పట్టించుకున్నది తక్కువ; పాఠకులు చదివినది ఎక్కువ. ఆ రచనకు ప్రజాదరణ తెచ్చిన వారిలో 2025లో మరణించిన డా. బి.వి. పట్టాభిరాం ప్రముఖులు. ఇంద్రజాలికునిగా వేదిక ఎక్కి, హిప్నాటిస్టుగా పేరుపొంది, మనస్తత్వ నిపుణునిగా స్థిరపడిన ఆయన ప్రస్థానంలో ఒక అంతస్సూత్రం కనిపిస్తుంది. ఇంద్రజాలం హస్తలాఘవమే అనీ, హిప్నాటిజం సూచనల ప్రభావమే అనీ జనానికి విప్పిచెప్పిన వ్యక్తి, జీవితాన్ని కూడా తలరాతకు వదలక మనిషి ప్రయత్నానికి అప్పగించడం సహజం. ఆయన విజయసూత్రాల కంటె ఈ హేతుబద్ధ భూమికే విలువైనది. తెనాలిలో సూతాశ్రమం నెలకొల్పిన త్రిపురనేని రామస్వామి చౌదరిని ఎరిగిన గుంటూరు సీమకు ఇది కొత్త కాదు.

అయితే తలరాతను తొలగించిన చోట వ్యక్తిని ఒంటరిగా నిలబెట్టడంలో చిక్కు ఉంది. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తెల్లదోమ ముంచెత్తింది. అప్పుల పాలైన రైతులు కొందరు ఆత్మహత్య చేసుకున్నారు. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను పదేపదే పిచికారీ చేయడం తెల్లదోమ ఉధృతిని మరింత పెంచింది. అంటే రైతు పట్టుదలే అతని నష్టానికి తోడైంది! ప్రయత్నలోపమే అపజయమనే సూత్రం ఇక్కడ నిలవదు. కౌలురైతు స్థితి మరీ విలక్షణం. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల సాగు పత్రానికి సైతం భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం ఆత్మవిశ్వాసంతో వచ్చేది కాదు.

జీవితార్థం, వ్యక్తి బాధ్యతల చర్చకు మూలపురుషులలో ఒకరైన విక్టర్ ఫ్రాంకల్ నాజీ శిబిరాల అనుభవం నుంచి మాట్లాడాడు. తప్పించలేని బాధ ఎదుట మనిషి తన వైఖరిని తాను ఎంచుకోగలడన్న ఆయన మాట అందరికీ పరిచితం. తప్పించగల బాధ అయితే దాని కారణాన్ని తొలగించడమే సార్థకమని కూడా ఆయన స్పష్టంగానే అన్నాడు. తెలుగు వ్యక్తిత్వ వికాస రచన మొదటి సగాన్ని ఆదరించినంతగా రెండవ సగాన్ని ఆదరించలేదు.

పట్టాభిరాం వంటి వారి కౌన్సెలింగ్‌ను ఈ కారణంగా తోసిపుచ్చడం అన్యాయం. పురుగుమందు డబ్బా చేతబట్టిన మనిషికి ఆ రాత్రి కావలసింది చట్టసవరణ కాదు, పలకరించే గొంతు. కాని మర్నాడు ఉదయం అతనిని అడగవలసిన ప్రశ్నలు వేరు: మందు ఎవరు అమ్మారు, అప్పు ఏ వడ్డీకి తెచ్చాడు, పొలం ఎవరిది.