మిస్సమ్మకు ఇల్లు దొరికింది

'మిస్సమ్మ' సినిమాను మనలో చాలామంది టీవీలో ఎన్నిసార్లు చూశారో లెక్కలేదు. పంతుళ్ళ కథ కాబట్టి మా టీచర్లకు అదంటే ఇంకాస్త ఇష్టం. 1955లో ఎల్.వి. ప్రసాద్ తీసిన ఆ సినిమాలో అప్పాపురం జమీందారు తన బడికి భార్యాభర్తలైన టీచర్లే కావాలని ప్రకటన ఇస్తాడు. ఎం.టి. రావుకీ పెళ్ళి కాలేదు, మేరీకీ కాలేదు. ఇద్దరికీ పని అవసరం. మొగుడూ పెళ్ళాలమని అబద్ధం చెప్పి ఆ ఊరు చేరతారు. ఉద్యోగం దొరుకుతుంది, తలదాచుకునే చోటూ దొరుకుతుంది. అక్కడినుంచి నవ్వే నవ్వు.

మొన్న సెలవుల్లో మళ్ళీ చూస్తే మాకు మునుపటంత నవ్వు రాలేదు. అంతకుముందు సూళ్ళూరుపేటలో ఒక బాడుగ గది కోసం తిరిగిన తిరుగుడు గుర్తొచ్చింది.

పులికాట్ ఒడ్డు ఊళ్ళనుంచి చదువుకున్న మన పిల్లలు, యానాదుల పిల్లలు, ఎరుకలోళ్ళ పిల్లలు, ఇప్పుడు శ్రీసిటీ ఫ్యాక్టరీలకూ, సూళ్ళూరుపేట, తడ షాపులకూ పనికి పోతున్నారు. షిఫ్టు దిగేసరికి ఊరికి బస్సుండదు. దగ్గర్లో గది కావాల్సిందే. మా బడిలో చదివిన ఒక యానాది అమ్మాయికి అట్లా గది చూడటానికి మేం ఇద్దరు టీచర్లం వెంట పోయాం.

"ఎంతమంది ఉంటారు?"

"నేనొక్కదాన్నే అక్కా."

"ఒంటి ఆడపిల్లకి ఇవ్వంలేమ్మా, ఏమనుకోవద్దు. ఫ్యామిలీకైతే ఇస్తాం."

మొదటి ఇల్లు అట్లా పోయింది. ఒంటికాయ శొంఠికొమ్ముకు ఎవరు మాత్రం ఇల్లిస్తారులే అని సర్దుకున్నాం. రెండో ఇంట్లో మేడమీద గది చూపించి, బాడుగ చెప్పి, ఆఖర్న "మీరేమిటోళ్ళు?" అన్నారు. అమ్మాయి నిజం చెప్పింది. ఒక్క నిమిషం ఆగి, "మా ఇంటాయన సింగిల్స్‌కి వద్దంటాడు" అన్నారు. వారం తిరక్కుండా అదే గదిని ఒక బ్యాంకు ఉద్యోగినికి ఇచ్చారు. ఆమే ఒక్కతే.

మూడో ఇంట్లో ఆ ప్రశ్న రాగానే అమ్మాయి నోరు తెరవకముందే మేం జవాబు చెప్పేశాం. "మా చుట్టాల పిల్లే" అని, ఇంకో కులం పేరు చెప్పాం. గది దొరికింది.

నాలుగు నెలలకు వాళ్ళమ్మ ఎండు రొయ్యలు తీసుకుని చూడటానికి వచ్చింది. ఓనరమ్మతో మాటల్లో మాటగా తమ కాలనీ పేరు చెప్పింది. ఆ నెలాఖరుకే "మా అన్న కొడుకు వస్తున్నాడు, ఖాళీ చెయ్యి" అన్నారు. సున్నం ఖర్చులని అడ్వాన్సులో కోసుకున్నారు. అన్న కొడుకు రాలేదు, టులెట్ బోర్డు మాత్రం మళ్ళీ వేలాడింది. ఇంత జరిగినా ఎవరూ కులం మాట ఎత్తలేదు.

సామాన్లు ఆటోలో పెడుతూ ఆ అమ్మాయి మాతో అన్న మాట ఇది: "సార్, అబద్ధం చెప్పింది మీరు. నాలుగు నెలలు దాన్ని దాచుకుని తిరిగింది నేను."

ఆ మాట విన్నాక 'మిస్సమ్మ'లో అబద్ధం సంగతి వేరుగా కనబడింది. మంచి సినిమానే, కాదనడం లేదు. మేరీ కోపాన్నీ పంతాన్నీ చిన్నచూపు చూడదు. పని కావాలంటే పెళ్ళయి ఉండాలనే షరతు ఎంత వింతదో చూపిస్తుంది. అయితే ముడి విప్పిన తీరు గమనించండి. మేరీ దాచుకున్నవి రెండు: పెళ్ళి కాలేదన్నది ఒకటి, క్రైస్తవుల ఇంట పెరిగానన్నది రెండోది. చివరకు ఆమె జమీందారుకు చిన్నప్పుడు తప్పిపోయిన కూతురు మహాలక్ష్మేనని తేలుతుంది. రెండు చిక్కులూ ఒక్కసారే తీరిపోతాయి. ఆ ఇల్లు పుట్టుకతోనే ఆమెది. మేరీ మేరీగానే మిగిలిపోయి ఉంటే ఆ జమీందారమ్మ ఏమనేది? సినిమా అక్కడిదాకా పోలేదు. మన పిల్లలు అక్కడే మొదలవుతారు. వాళ్ళు ఎవరో తేలిన రోజున ఇల్లు దక్కదు, పోతుంది.

తొంభైల మొదట్లో వచ్చిన 'చిత్రం భళారే విచిత్రం' కూడా బాడుగ ఇంటి కథే. పెళ్ళికాని కుర్రాళ్ళకు ఇల్లివ్వరని నరేష్ ఆడవేషం కడతాడు. కడుపుబ్బ నవ్విస్తుంది. అందులో ఓనరు భయమంతా బ్రహ్మచారుల గురించే. ఆ భయం నిజమైనదే, ఊళ్ళో మన మగపిల్లలూ దాన్ని రోజూ చూస్తున్నారు: తాగుతారు, స్నేహితుల్ని తెస్తారు, బాడుగ ఎగ్గొడతారు అంటారు. అయితే అది చీర విప్పేస్తే తీరిపోయే వేషం. కులం పేరు మార్చి చెప్పిన పిల్ల ఆ వేషాన్ని ఇంట్లో కూడా విప్పలేదు. అమ్మ ఫోను చేస్తే గొంతు తగ్గించి మాట్లాడుతుంది. చేపలు వండుకోవాలంటే కిటికీ మూస్తుంది.

మూడో సినిమా మనకు దగ్గరి ఊరిది. సూళ్ళూరుపేటలో లోకల్ రైలెక్కితే చేరే చెన్నైలో జరిగే కథ. చెళియన్ తీసిన 'టు లెట్', 2017 జాతీయ అవార్డుల్లో ఉత్తమ తమిళ చిత్రం. 2007లో, కంప్యూటర్ కంపెనీల జీతాలతో బాడుగలు పెరిగిపోతున్న కాలంలో, ఇల్లు ఖాళీ చెయ్యమన్నాక ఇంకో ఇంటికోసం తిరిగే భార్యాభర్తలూ చిన్న పిల్లాడూ. నేపథ్య సంగీతం లేదు, ఇంటి చప్పుళ్ళే వినబడతాయి. ఇల్లు వెతకడంలో ఉండే అవమానాన్ని నవ్వులాటగా మార్చకుండా చూపించిన సినిమా ఇది. టీచర్లు తప్పక చూడాలి. అయినా వాళ్ళది ఒక కుటుంబం. గుమ్మం ముందు ముగ్గురు నిలబడతారు. ఒంటిగా నిలబడేవాళ్ళ సంగతి ఆ సినిమా కూడా చెప్పలేదు.

ఈ మూడు సినిమాల్లో లేనిది, ఆ రెండో ఇంటి గుమ్మంలో మాకు తెలిసింది ఇదీ. ఇంటివాళ్ళ దగ్గర 'ఒంటి మనిషి' అనే మాట మర్యాదైన సాకు. దాన్ని అడ్డం పెట్టుకుంటే కులం పేరు ఎత్తాల్సిన పని లేదు. అందుకే మన పిల్లలు తాము ఒంటిగా ఉన్నందుకే ఇల్లు దొరకలేదని నమ్ముతారు, పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయని అనుకుంటారు.

చట్టం ఏమంటుందని పిల్లలు అడుగుతారు. రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగం దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, రోడ్ల దగ్గర కులం పేరుతో అడ్డగించకూడదంటుంది. ఒకరు బాడుగకిచ్చే సొంత ఇంటి మాట అందులో లేదు. గుజరాత్‌లో పార్సీల హౌసింగ్ సొసైటీ తమవాళ్ళకే సభ్యత్వమని పెట్టుకున్న నియమాన్ని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. 1989 అట్రాసిటీ చట్టం ఉంది. కానీ నలుగురిలో కులం పేరుతో తిడితే సాక్ష్యం దొరుకుతుంది గానీ, నవ్వుతూ "అన్న కొడుకు వస్తున్నాడు" అంటే ఏం దొరుకుతుంది?

చట్టం చూడని చోటును రాసేవాళ్ళు చూడాలి. మన ఆదివాసీ రచయితల మీద మా ఫిర్యాదు కూడా అదే. అడవి గురించి, భూమి గురించి, గుడిసె గురించి గొప్పగా రాశాం. శ్రీహరికోటను 1969లో రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నాక ఆ దీవి వదలాల్సి వచ్చిన యానాదుల గురించి మాట్లాడుకుంటూనే ఉన్నాం. పట్నంలో బాడుగ గది మాత్రం మేం చదివిన మేరకు మన కథల్లో దాదాపు లేదు. అది ఆదివాసీ బతుకు కాదని అనుకున్నామేమో. 1911 తర్వాత మన మద్రాసు రాజధానిలోనూ నేరజాతుల చట్టం పెట్టి, పేరు నమోదైనవాళ్ళు మకాం మారిస్తే పోలీసులకు చెప్పుకోవాలన్నారు. 1952లో ఆ చట్టం రద్దయింది. ఎక్కడ ఉంటావు, ఎవరోళ్ళవు, నీతో ఎవరుంటారు అనే ప్రశ్నలు మన తాతలకు స్టేషన్లో ఎదురయ్యాయి, మన పిల్లలకు గుమ్మం ముందు ఎదురవుతున్నాయి. ఈ రెంటినీ కలిపి కథ రాయగలిగేది మనమే.

ఇక మా తప్పు మేం ఒప్పుకోవాలి. పిల్లల తరఫున ఇంకెప్పుడూ అబద్ధం చెప్పకూడదని అనుకున్నాం. చెప్పాలా, దాచాలా అన్నది ఆ గదిలో ఉండబోయేవాళ్ళే తేల్చుకోవాలి. టీచర్లుగా మేం చెయ్యగల పనులు వేరే ఉన్నాయి. వెంట పోవడం, అడ్వాన్సుకు రసీదు రాయించడం, ఖాళీ చెయ్యాలంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలో కాగితం మీద పెట్టించడం. పట్నంలో ఇళ్ళు కట్టుకున్న మనవాళ్ళు ఒక గది మన పిల్లల కోసం అట్టే పెడితే ఇంకా మేలు.

ఆ అమ్మాయి ఇప్పుడు తడలో ఉంటోంది. ఈసారి మమ్మల్ని పిలవలేదు. "యానాదులం అక్కా" అని తనే చెప్పిందట. రెండిళ్ళు పోయాయి. మూడో ఇంట్లో గది దొరికింది. పక్క గదికన్నా బాడుగ రెండొందలు ఎక్కువ. ఎందుకెక్కువని అడిగితే ఓనరమ్మ నీళ్ళ ఖర్చు అందట. పక్క గదిలో ఉండేది ముగ్గురు.