తాకని చేతిని కొలవని పరిశోధన

నర్సింగ్ కాలేజీల ఎమ్మెస్సీ థీసిస్‌లు తిరగేస్తే చాలావాటి శీర్షిక ఒకే అచ్చులోంచి తీసినట్టుంటుంది: ఫలానా జబ్బు గురించి ఫలానా వూరి తల్లులకున్న జ్ఞానంపై ప్రణాళికాబద్ధ బోధన ప్రభావం. ముందొక పరీక్ష, చార్టు పెట్టి ఒక పాఠం, కొన్నాళ్లాగి మళ్లీ అదే పరీక్ష. మార్కులు పెరుగుతయి. పరిశోధన అయిపోతది.

పెరగక ఏం చేస్తయి? చెప్పిందే మళ్లీ అడిగితే ఎవరైనా చెప్తారు. విరేచనాలప్పుడు ఓఆర్ఎస్ కలపడం తల్లికి నేర్పొద్దని కాదు. తల్లికి తెలియకనే బిడ్డకు టీకా పడలేదని ముందే తీర్పిచ్చి, దానికి సాక్ష్యం వెతకడం పరిశోధన ఎట్లా అవుతుంది? నర్సమ్మ వాడ దాకా వచ్చిందా, వస్తే గడప దాటిందా అన్న ప్రశ్న ఆ ఫారంలో కనపడదు. వయసు, చదువు, ఆదాయం, మతం అడుగుతారు. కులం గడి వున్నా అది తలలు లెక్కపెట్టడానికే, విశ్లేషణలోకి రాదు.

కులాన్ని కొలవలేమా? కొలిచారు. 2001-02లో 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో జరిగిన సర్వే 2006లో ఘనశ్యాం షా, సుఖదేవ్ థోరాట్ తదితరుల పుస్తకంగా వచ్చింది. దాదాపు మూడోవంతు గ్రామాల్లో ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్లల్లోకి అడుగుపెట్టరని అది తేల్చింది. 2010లో సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్ గ్రామాల దళిత పిల్లల మీద చేసిన అధ్యయనం ఇంకా లోపలికెళ్లింది. పరీక్ష చేసేటప్పుడు, మందిచ్చేటప్పుడు తాకకపోవడాన్ని వివక్షగా లెక్కగట్టింది. ఈ రెండూ నర్సింగ్ విభాగాల నుంచి వచ్చినవి కావు.

తాకడమే వృత్తిగా వున్న శాస్త్రానికి ఈ ప్రశ్న ఎందుకు తట్టలేదు? నర్సు కూడా కులం లోపలే నిలబడి వుంది గనక. ఒళ్లు తుడిచే, మలమూత్రాలు తీసే పనిని ఈ సమాజం మైలపనిగానే చూసింది. కాన్పుకు మంత్రసాని చేయి కావాలి, కాన్పయ్యాక ఆ చేయి అంటు. మిషన్ ఆసుపత్రుల ద్వారా ఎందరో దళిత క్రైస్తవ ఆడపిల్లలు ఈ వృత్తిలోకొచ్చారు. గౌరవం కోసం పాకులాడిన వృత్తి వాళ్ల అనుభవాన్ని జ్ఞానంగా రాసుకోలేదు, దాచుకుంది.

ఇప్పుడన్నా ప్రశ్నలు మారాలి. టీకాలు ఎవరి వీధిలో వేస్తున్నారు? బీపీ పట్టీ స్వయంగా కట్టారా? బాలింత ఇంటికి ఎన్నిసార్లు వెళ్లారు, లోపల ఎంతసేపున్నారు? 2005లో మొదలైన ఆశా వ్యవస్థలో ఏ కులం ఆశా ఏ వాడకు పోతోంది? ఈ ప్రశ్నల్ని వాడ ఆడవాళ్లతో కూర్చొని తయారుచేయాలి. తల్లులకు మార్కులు వేసింది చాలు, సేవకు వేయండి.