పది బై పన్నెండులో వాస్తు

ముంబయి దుకాణాల్లో ఫెంగ్‌షుయ్ సరుకుగా దొరుకుతుంది. నవ్వే బుద్ధుడు, మూడు కాళ్ల కప్ప, ఎర్రదారం కట్టిన నాణేలు కొని తెచ్చి ఇంట్లో పెట్టుకుంటారు. ఆ చైనా శాస్త్రం ఇంటిని అడిగే ప్రశ్నలు మాత్రం ఇంతకన్నా లోతైనవి. గాలి ఎటు నుంచి వస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది? నీళ్లు ఎటు పోతున్నాయి? పడుకున్న మనిషి తలమీద దూలం ఉందా? నడిచే దారికి ఏదైనా అడ్డుందా? మన వాస్తు అడిగేవీ చాలావరకు ఇవే. వీటికి ముంబయిలో నేను చూసిన మేలైన జవాబులు కామాఠీపుర చాళ్లలో, అంటే వరస గదుల పాత భవనాల్లో, పది బై పన్నెండు అడుగుల గదుల్లో ఉన్నాయి. గోడ జరపడానికీ గుమ్మం మార్చడానికీ వీల్లేని చోట, వస్తువుల అమరికతోనే గదిని ఇల్లు చేసిన పనితనం అది.

ఆ పనితనానికి వెనక చరిత్ర ఉంది. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి సముద్రపు పోటు ఆగాక బొంబాయి పల్లపు నేలలు ఆరాయి. 1795 తర్వాత కామాఠీపుర పేట వెలిసింది. ఇక్కడ స్థిరపడిన కామాఠీల్లో ఎక్కువమంది నిజాం ఇలాకా నుంచి వచ్చిన తెలుగు కూలీలు, మేస్త్రీలు. రాళ్లు మోసి, సున్నం కలిపి బొంబాయిని కట్టిన చేతులు వాళ్లవి. కొందరు కాంట్రాక్టర్లుగా ఎదిగారు. 1873లో జోతిరావు ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి అండగా నిలిచిన జాయా కరాడి లింగు, వెంకు బాలాజీ కాలేవార్ ఆ కోవలోని వారే. తర్వాత బట్టల మిల్లుల కోసం తెలంగాణ నుంచి పద్మశాలీలు వచ్చి వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి చాళ్లలో కుదురుకున్నారు.

ఇక గదిలోకి వెళ్దాం. చాళ్ గదికి ఆయువుపట్టు మోరీ. ఒక మూలన మనిషి కూర్చుని స్నానం చేసేంత చోటు, దాని చుట్టూ జానెడు గట్టు. స్నానం, గిన్నెలు, బట్టలు అన్నీ అక్కడే. మేస్త్రీ చేయి తెలిసేదీ అక్కడే. వాలు ఎక్కువైతే కాలు జారుతుంది, తక్కువైతే నీళ్లు మడుగు కడతాయి. షాబాద్ బండ పరిచి, అతుకులు నింపి, చెంబెడు నీళ్లు పోసి చూడాలి. ఆ నీళ్లు ఎక్కడా నిలవకుండా తూము జాలీ దాకా పోతేనే పని అయినట్టు. పక్కనే పొయ్యి గట్టు, దాని మీద నల్లటి కడప బండ. షాబాద్ పాత హైదరాబాద్ రాజ్యంలోని ఊరు. అంటే కట్టిన చేతులే కాదు, కాలి కింది రాయి కూడా చాలావరకు మన వైపుదే.

పై అంతస్తు నుంచి కిందిదాకా మురుగు గొట్టం తిన్నగా దిగాలి కాబట్టి ఒక వరస గదులన్నిటికీ మోరీ ఒకే మూల వస్తుంది. ఒక వరసలో అది ఈశాన్యమైతే ఎదుటి వరసలో నైరుతి అవుతుంది. నైరుతిలో నీళ్లు కూడదంటుంది వాస్తు. దీనికి ఇల్లాలు కనుక్కున్న ఉపాయం చూడండి. వాడుక నీళ్ల డ్రమ్ము మోరీ పక్కనే ఉంటుంది. తాగే నీళ్ల బిందె మాత్రం ఈశాన్యం మూల పీటెక్కుతుంది. దానికి పైన గోడకు దేవుడి అర. తాగే నీళ్లూ దీపమూ ఉన్న మూలకు చెత్త చేరదు, చెప్పులు రావు. దిక్కు నియమం ఏ శుభ్రత కోసం పుట్టిందో ఆ శుభ్రత నిలిచింది.

పొయ్యి సంగతీ అంతే. ముంబయిలో ఏడాదిలో చాలాకాలం వీచేది పడమటి గాలి. ఆగ్నేయంలో పొయ్యి ఉంటే పొగ ఇంటిని చుట్టకుండా బయటికి పోతుంది. ఆ మూల దొరకనివాళ్లు కనీసం తూర్పు ముఖంగా నిలబడి వండేలా గట్టు కట్టించుకుంటారు. బీరువా, ట్రంకు పెట్టెలు, బొంతల మూట నైరుతి వైపు సర్దుతారు. కానీ పడమట కిటికీ ఉంటే దానికి అడ్డం పెట్టరు, జానెడు ఎడం వదులుతారు. పడమటి బరువు మంచిదన్న నియమాన్ని సముద్రపు గాలి కోసం సడలించడం వాస్తు తెలిసినవాళ్లు చేసే పని. చైనాలో ఉత్తరపు చలిగాలికి వీపు తిప్పి, దక్షిణానికి ముఖం పెట్టమన్నదీ ఇలాంటి వాతావరణ జ్ఞానమే. దాన్ని యథాతథంగా అరేబియా సముద్రపు ఒడ్డుకు తెచ్చిపెడితే ఫలితం ఉండదు.

అటక అమరిక మరీ ముచ్చటైనది. మోరీ, పొయ్యి ఉన్న వెనక సగం మీదే దాన్ని వేసి, గుమ్మం వైపు సగాన్ని నిండు ఎత్తుతో వదిలేస్తారు. గుమ్మం పైని జాలీలోంచి వెలుతురు లోపలికి పడుతుంది. రాత్రి చాపలు పరిచేది ఆ ఎత్తు కిందే. తలమీద దూలం ఉండకూడదన్న ఫెంగ్‌షుయ్ మాట ఇక్కడ ఎవరూ చదవకుండానే నెరవేరింది. తలలు దక్షిణానికి పెట్టి పడుకుంటారు, ఉత్తరానికి ఎవరూ పెట్టరు. నడిమి నేల పగలంతా ఖాళీ. బియ్యం ఏరడం, పిల్లల చదువు, పదిమంది భోజనం అన్నీ అక్కడే. ఇంటి నడిమి చోటైన బ్రహ్మస్థానం మీద బరువు పెట్టకూడదన్న సూత్రం వల్ల ఎంత లాభమో ఇంత చిన్న గదిలోనే బాగా తెలుస్తుంది.

గడప దాటితే వసారా. ముంబయివాళ్లకు అది గ్యాలరీ. పసుపు రాసిన గడప ముందు ముగ్గు, మామిడాకుల తోరణం, కటకటాల మీద ఆరే బట్టలు. చుట్టూ గదులు, నడుమ ఆకాశం ఉన్న చాళ్ అయితే తెలంగాణ భవంతి నాలుగంతస్తులుగా పెరిగినట్టే ఉంటుంది.

వెలుతురుకు లెక్క కట్టినవాళ్లూ ఈ నగరంలో ఉన్నారు. 1896 ప్లేగు తర్వాత 1898లో ఏర్పడ్డ బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టులో జె.పి. ఓర్ అనే అధికారి 63.5 డిగ్రీల సూత్రం కోసం పట్టుబట్టాడు. ఎదుటి భవనం ఎత్తు, మధ్య ఖాళీకి రెట్టింపు మించకూడదన్నది దాని సారం. 1920లలో ప్రభుత్వం కట్టిన బీడీడీ చాళ్లలో గది 160 చదరపుటడుగులు. నడవా మధ్యలో, గదులు రెండు పక్కలా ఉండటంతో ఆ నడవాలో పగలూ చీకటే. బయట గ్యాలరీ ఉన్న పాత చాళ్ గదికి గాలి రెండు వైపులా ఆడుతుంది. ఈ ఒక్క విషయంలో పాత మేస్త్రీదే పైచేయి.

వర్లీ బీడీడీ చాళ్లవాళ్లకు 2025 ఆగస్టులో 500 చదరపుటడుగుల కొత్త ఫ్లాట్ల తాళాలు అందడం మొదలైంది. కామాఠీపుర పునర్నిర్మాణ ప్రణాళిక కూడా రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతిలో ఉంది. మరుగుదొడ్డి కోసం వరసలో నిలబడిన కుటుంబాలకు సొంత ఫ్లాట్ దక్కడం న్యాయం. అయితే కూల్చే ముందు ఈ గదులను కొలిచి, మోరీ వాలుతో సహా పటాలు గీయించాలి. సర్ జె.జె. ఆర్కిటెక్చర్ కళాశాల ఇదే నగరంలో ఉంది. విద్యార్థులను పంపమని మన తెలుగు సంఘాలు అడగాలి. కొత్త ఇల్లు కొనే తెలుగువాళ్లకు నా మాట ఒకటే: సింహద్వారం దిక్కు చూసుకోండి, తప్పులేదు. దాంతోపాటు ఎదుటి గోడ ఎంత దూరమో, వంటింటి పొగ ఎటు పోతుందో, రెండు వైపులా గాలి ఆడుతుందో లేదో కూడా చూడండి. ఈ మూడూ సరిగా ఉన్న ఇంటికే వాస్తు కుదిరినట్టు.