మేడమీది గదిలోని స్త్రీ

షార్లెట్ బ్రాంటీ 1847లో ప్రకటించిన ‘జేన్ ఐర్’ నవలలో రోచెస్టరు దొర మతి చలించిన భార్యయగు బెర్తాను మేడమీది గదిలో దాచియుంచెను. ఆమె అరచును, నవ్వును, తుదకు ఇల్లు తగులబెట్టును. గాని తన పక్షమున ఒక్క మాటైనను పలుకదు. కరేబియను దీవిలో పుట్టిన జీన్ రిస్, 1966లో ‘వైడ్ సర్గాసో సీ’ యను నవలలో ఆమెకు నోరిచ్చెను. ఇందామె పేరు ఆంట్వానెట్. బెర్తా యనునది భర్త పెట్టిన పేరు. పాత గ్రంథమును ఇట్లు తిరిగి వ్రాయుట దానిని నిందించుటకు గాదు. తీర్పు పొందినవారి మొర వినుటకే.

ప్రియ పాఠకులారా, ‘జేన్ ఐర్’ ముగియునది జేను పెండ్లితో గాదు, హిందూదేశమునకు మిషనెరీగా వచ్చిన సెయింట్ జాన్ రివర్సును గూర్చిన మాటలతో. ఆయన శ్రమయు విశ్వాసమును అందు కలవు. ఆయన ఎవరియొద్దకు వచ్చెనో వారిలో ఒక్కరి పేరైనను లేదు. మన యొంగోలు మిషను సంగతి చూడుడి. యెర్రగుంట్ల పేరయ్య వంటి వారు ఊరూర తిరిగి సువార్త చెప్పకున్న, 1878లో వేలకొలది జనులు క్లౌ దొరయొద్దకు వచ్చియుందురా?

బెర్తా మాటకొరకు 119 సంవత్సరములు వేచియుండెను. 1878 గడచి అంతకు మించినది. ముండ్లమూరు పల్లెల యువకులారా, పేరయ్య కన్నులతో ఆ కథను వ్రాయుడి.