కొండకు ఖరీదు లేదా?

వైకుంఠపాళీలో నిచ్చెన ఎక్కినా, పాము మింగినా మన ప్రయోజకత్వం ఏమీ లేదు. అంతా గవ్వల దయ. పడమటి దేశాలవాళ్లు ఆ దయని తగ్గించి బుర్రకి పని చెప్పే ఆటలు చాలా తయారుచేశారు. వాటిలో పేరుమోసింది, అలన్ మూన్ రూపొందించగా 2004లో వచ్చిన 'టికెట్ టు రైడ్'. రంగురంగుల ముక్కలు చేర్చుకోవడం, పటం మీద బుల్లి రైలుపెట్టెలు పేర్చి దారి వెయ్యడం, మన టికెట్టులో ఉన్న రెండు ఊళ్లనీ కలపడం - ఇంతే ఆట. కలపలేకపోతే ఆ టికెట్టు విలువ మన లెక్కలోంచి కోసేస్తారు.

నలుగురు స్నేహితురాళ్లం చేరి ఆడితే సరదాగానే ఉంటుంది, కాదనను. పక్కావిడకి కావలసిన దారిని మనం ముందు ఆక్రమిస్తే కలిగే ఆనందం ఉంది చూశారూ, అది కిటికీలోంచి తువ్వాలు వేసి బస్సులో సీటు పట్టినంత!

అయితే మొదటి పటంలో ఒక లోటుంది. మైదానమైనా కొండైనా ఒకటే లెక్క. మాతో ఆడిన గిద్దలూరు చెల్లెలు ఒకత్తె, "ఏందక్కా ఇది, కొండకి రూపాయి ఖర్చు లేకుండా రైలెట్టా పోద్ది?" అంది. నల్లమల పక్కన పుట్టిన పిల్ల, అడగదూ మరి! నంద్యాల నుంచి గిద్దలూరు రావాలంటే చలమ, దిగువమెట్టల మీదుగా అడవి దాటాలి. 1880లలో అక్కడ మీటర్ గేజి వేసినవాళ్లు బొగద దగ్గర కొండ తొలిచారు, దొరబావి లోయ మీద ఎత్తైన వంతెన కట్టారు.

2005లో వచ్చిన యూరప్ పటం ఈ లోటు కొంత తీర్చింది. సొరంగం వెయ్యాలంటే కట్టలోంచి మూడు ముక్కలు తిప్పి చూడాలి. మనం వేసిన రంగు ఎన్నిసార్లు పడితే అన్ని ముక్కలు అదనంగా చెల్లించాలి. లేకపోతే ఆ వంతు పోయినట్టే. కొండ లోపల ఏముందో తవ్వేదాకా తెలియదన్న నిజం ఇందులో ఉంది. మార్టిన్ వాలెస్ 'ఏజ్ ఆఫ్ స్టీమ్' (2002) ఇంకా నిక్కచ్చి. మైదానానికో ధర, ఏటికి ఎక్కువ, కొండకి మరీ ఎక్కువ. వాటాలు అమ్మి తెచ్చిన సొమ్ముకి ప్రతి విడతా చెల్లింపులు. సంసారం ఈదిన ఆడవాళ్లకి ఇది ఒకరు నేర్పక్కర్లేదు.

కానీ ఈ ఆటలు చూపించనిది ఒకటుంది: ఎదురుచూసే ఊరు. పటం మీద చుక్క లేని ఊరు ఆటకి లేనట్టే. మార్కాపురం రోడ్డు స్టేషను, తాను ఊరికి ఎడంగా ఉన్నానని పేరులోనే ఒప్పుకుంది. పొదిలి, కనిగిరి వాళ్లకి ఆ పాటి కూడా దక్కక, నడికుడి - శ్రీకాళహస్తి దారి కోసం ఏళ్లూ పూళ్లూ ఎదురుచూశారు. ఆటలో వంతు తప్పకుండా తిరిగి వస్తుంది. ఊళ్లకి ఆ హామీ ఎవరిచ్చారు?

పిల్లలకి మొదటిది కొనిపెట్టండి. మీరు మాత్రం వాలెస్‌ది ఆడి చూడండి. ఓడినా ఫరవాలేదు, కొండ ఖరీదు తెలుస్తుంది.