కాండీ ఏనుగుకు తీసిపోని ప్రభ

శ్రీలంకలో కాండీ పెరహెర ఊరేగింపులో బుద్ధుడి దంతధాతువు పేటికను మోసే ఏనుగును ఒక్కసారి చూస్తే చాలు, కళ్లు చెదిరిపోతాయి. తొండం, చెవులు, వీపు, పక్కలు అన్నీ కప్పేసే కుట్టుపని ముసుగు, కళ్ల దగ్గర మాత్రం రంధ్రాలు. వీపు మీద చిన్న మంటపం, అందులో పేటిక. అది అడుగు వేసే దారంతా తెల్లబట్ట పరుస్తారు. ఆ దంతధాతువును ఊరేగింపులో ముందుకు తెచ్చింది కీర్తిశ్రీ రాజసింహుడు (1747-1782). మదురై నుంచి వెళ్లిన నాయక్కర్ల వంశం. మూలాల్లో మన తెలుగువాళ్లే కదా అని గర్వంగా చెప్పుకుంటాను, ఎవరేమనుకున్నా సరే.

ఇక ధాతు పేటికలను ఏనుగుల మీద పెట్టుకుని సాగే దృశ్యాలను అమరావతి శిల్పులు సుమారు రెండువేల ఏళ్ల కిందటే పల్నాటి సున్నపురాతిలో చెక్కేశారు. ఆ రాళ్లు చాలావరకు చెన్నైకి, లండన్‌కి తరలిపోయాయి. ఆ కథ తవ్వితే తెల్లారిపోతుంది.

నన్నడిగితే మాత్రం, కదిలే అలంకారంలో మా చిలకలూరిపేట వైపు వాళ్లను మించినవాళ్లు లేరు. శివరాత్రికి కోటప్పకొండ త్రికోటేశ్వరుడి తిరునాళ్లకు పురుషోత్తమపట్నం, కావూరు, మద్దిరాల, యడవల్లి నుంచి బండ్ల మీద బయల్దేరే ఎత్తైన వెదురు కట్టడాలను, అంటే ప్రభలను, చూసినవాళ్లెవరూ ఈ మాట కాదనరు. కోటిన్నొక్క ప్రభ వస్తే స్వామి కొండ దిగి వస్తానన్నాడట. ఎవరు విన్నారో తెలియదు గానీ, ఊరూరా ఇప్పటికీ ఆ లెక్క పూర్తి చేసే పనిలోనే ఉన్నారు.

ఎనభై, తొంభై అడుగుల ప్రభను బండి మీద నిలబెట్టి రోడ్డు మీద నడిపించడమంటే మాటలా! సరుగుడు బాదులు, వెదురు బద్దలు, తాళ్లు. మేకు కొట్టిన చోట వెదురు చీలుతుంది. తాడుతో బిగించిన చోట మాత్రం కాస్త ఊగి, మళ్లీ నిలదొక్కుకుంటుంది. గాలికి ఎంత ఊగనివ్వాలో తెలిసినవాడే పనివాడు. పైనుంచి నాలుగు వైపులా మోకులు దిగుతాయి. మలుపులో ఒక పక్క మోకు వదులుతూ ఎదుటి పక్క మోకు లాగాలి. కేక వేసేవాడు ఒక్కడు, లాగే చేతులు యాభై. కరెంటు తీగలు విప్పించిన దారిలో ఆ మనిషి ప్రభ కొసనే చూస్తూ వెనక్కి నడుస్తాడు. అతనికి దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

పాతకాలపు ప్రభకు ఎడ్లే అందం. కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, మెడలో మువ్వల పట్టెడ, కాళ్లకు గజ్జెలు. ఒంగోలు జాతి తెల్లఎడ్ల జత కాడి కింద తల ఎత్తిందంటే అంబారీ ఏనుగు కూడా పక్కకు తప్పుకోవాల్సిందే. ప్రభకు చుట్టిన రంగుబట్ట, కుట్టిన అద్దాలు, వేలాడదీసిన గంటలు అన్నీ బండి కదిలితేనే పలుకుతాయి.

విద్యుత్ ప్రభలను నేను తప్పుపట్టను. ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు రాకముందు దీపాల పనివాళ్లు చెక్క రోలరుకు రాగిరేకులు కొట్టి, మోటారుతో తిప్పేవాళ్లు. రేకు తగిలిన తీగకు బల్బు వెలుగుతుంది, దాటగానే ఆరుతుంది. ఆ వెలగడం ఆరడంలోనే చక్రం తిరిగినట్టు, పాము పాకినట్టు కనిపించాలి. రేకు పొడవు కాస్త తేడా వస్తే పాము కుంటుతుంది! చేతిలెక్కతో అంత పని చేసినవాళ్లను ఇంజనీర్లు అనక ఏమంటాం?

నా మంటంతా ఫ్లెక్సీల మీదే. అద్దెకు తెచ్చిన ఇనుప చట్రం, దానికి రాత్రికి రాత్రి అచ్చేయించిన ప్లాస్టిక్ గుడ్డ, నడిమధ్య శివుడు గోరంత, చుట్టూ నాయకులు, హీరోలు కొండంత. ఎడ్లు పోయి ట్రాక్టర్లొచ్చాయి, సరే. డోలు, సన్నాయి పోయి గుండెలదిరే డీజే వచ్చింది. ప్రభ ఎత్తు మీద పంతం పోయి పార్టీ రంగు మీద పంతం వచ్చింది. కాండీ ఏనుగు ముసుగుకూ ఇప్పుడు బల్బులున్నాయి, కానీ ఆ బల్బుల మధ్య అభిమాన హీరో బొమ్మ పెట్టాలని అక్కడ ఎవరికీ తోచలేదు. కోనసీమవాళ్లను చూడండి. భుజాల మీద మోసే జగ్గన్నతోట ప్రభలను కాపాడుకున్నారు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన రాష్ట్ర శకటంగా ఢిల్లీ కర్తవ్య పథంలో నిలిపారు. అసూయగా ఉంది, దాచుకోను.

పేట పెద్దలారా, ప్రభ కమిటీ కుర్రాళ్లారా, వచ్చే శివరాత్రికి ఫ్లెక్సీకి పెట్టే డబ్బులో సగం తీసి ఊళ్లో మిగిలిన టైలరు చేతికి, వెదురు కట్టే ముసలాయన చేతికి ఇవ్వండి. ఆయన పక్కన ఇద్దరు కుర్రాళ్లను కూర్చోబెట్టి తాడు ముళ్లు నేర్పించండి. ఊరికి ఒక్క గుడ్డప్రభ చాలు. దాని ముందు ఒక్క ఎడ్లజత నడిస్తే ఇంకా మంచిది.